నాలుగో నిమిషం కాడ

రెండువేల తొమ్మిది, ఎండలు ముదిరిన నెల. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో లాప్‌టాపులూ రేడియోలూ బాగుచేసే మార్కండేయ దుకాణం. బోధన్ దగ్గరి పల్లె నుంచి మొదటి బస్సుకే బయల్దేరి వచ్చిన భూమవ్వ బల్ల మీద మూట విప్పుతోంది. ఇద్దరి మాటా అప్పటికే సగం దారిలో ఉంది.

"జర ఆగవ్వా. లాప్‌టాపును గోనెసంచిల ఎందుకు చుట్టినవ్?"

"సల్లగుండాలెనని బిడ్డా."

"చల్లగుండాలెనని... అరే! సంచి తడిగున్నది!"

"తడిపే గద సుట్టింది. పొడి సంచిల సుడితె సల్లగెట్లుంటది?"

"అవ్వా, దీన్ల కరెంటు పార్తది. నీళ్లు తగిల్తె ఖతం!"

"నాకెర్కలేదా? కరెంటు తీసినంకనే సుట్టిన. ఎండకాలం బీడీల తునికాకు పెళుసువడకుంట ఏం జేస్తం? తడి గోనెల సుట్టి పెడ్తం. తెల్లారేటాలకు సంటిపిల్ల సెవి లెక్క మెత్తగుంటది. దీని ఒళ్లు గూడ పెనం లెక్క కాలవట్టె, గందుకే సుట్టిన. ఏడాది సంది సుడుతున్న. ఏం గాలె."

"ఏం కాకుంటె నా దాక ఎందుకొచ్చినవ్ మరి?"

"గదే సెప్పవట్టిన, నువ్వు సంచి కాడనే ఆగిపోతివి. షురూల మంచిగనే ఉంటది. నడువంగ నడువంగ గరం ఎక్కుతది. గరం ఎక్కంగనే నడక మందగిస్తది. ఒత్తిన మీట ఒత్తినట్టే ఉంటది, అది మాత్రం ఎల్లుండికి పలుకుతది. ఆఖరికి టప్పున ఆరిపోతది."

"ఎంతసేపటికి?"

"నాలుగు నిమిషాలకు."

"గడియారం పెట్టి చూసినవా?"

"అడుగున అంకెలు పడ్తయ్ గద. నాకు సదువు రాదు గాని అంకెలొస్తయ్ బిడ్డా. ఇరవై అయిదు బీడీలకొక కట్ట, నలభై కట్టలైతె ఎయ్యి. ఎనిమిదో ఏట సంది లెక్కవెడుతున్న. మూడూ యాభై, మూడూ యాభై అయిదు, గప్పుడు బొమ్మ నిలవడ్తది. నాలుగు కాడ టప్."

"దినాం గంతేనా?"

"దినాం గంతే. ఒక్క దినం నాలుగు మీద రెండు సెకండ్లు నడిసింది. వాన వడ్డ దినం. శ్రావణంల, సోమారం."

"యాదికుందా గది గూడ!"

"నాకు యాదికి లేందేది? మా పెండ్లి నాడు ఎవరెవరు అలిగిపోయిన్రో వరుసవెట్టి సెప్త. పోయిన ఎండకాలం బీడీ కార్ఖానల ఏ దినం ఎన్ని కట్టలు ఇరిసి పారేసిన్రో సెప్త. దేవుడు నాకు సదువియ్యలె, యాది ఇచ్చిండు. అదే నా పాణం తింటది."

"అండ్ల ఏం నడిపిస్తవ్? సినిమానా?"

"సినిమా గాదు."

"మరి?"

"ఉంది తియ్యి, ఒకటి."

"చెప్తె కద నాకు తెలిసేది."

"బోధన్ల ఒకాయనకు సూపిచ్చిన. సూసీ సూడంగనే, వైరస్ వడ్డది ముసలమ్మా, అంత తుడిసేస్త అన్నడు. తుడుస్త అనంగనే సేతుల్నుంచి గుంజుకొని బస్సెక్కిన. నందిపేట్‌ల దేవిదాస్, మా అక్క కొడుకు, నీ పేరు సెప్పిండు. మార్కండేయ టేపురికార్డర్ల కాలం సంది ఉన్నడు, ఉన్నదాన్ని తుడువడు, ఉన్నదాన్నే నిలవెడ్తడు అన్నడు."

"దేవిదాస్ నా దగ్గర టేపు బాగుచేయించుకొని పదేండ్లాయె. ఇప్పటిదాక మల్ల కనవడలె."

"బాగైంది గనకనే కనవడలె. ఖరాబైతె వొస్తుండె."

"హా! నీ నోటికి మొక్కాలె. సరే, ఇది ఎవరిది?"

"మా బిడ్డది. ప్రమీలది."

"ఆమెను గూడ తోలుకరాకపోయినవా? పాస్‌వర్డ్ గీస్‌వర్డ్ ఉంటది."

"ఏం లేదు. నాకోసమని తీసేసింది. మూత తెర్వంగనే మూలకు ఒక్కటే బొమ్మ. దాని మీద రెండుసార్లు టక్కు టక్కు అనాలె. గంతే నేర్పిచ్చింది."

"ఒకసారి ఫోన్ కలుపు, మాట్లాడ్త. ఎప్పుడు కొన్నది, ఎవరి దగ్గర కొన్నది అడగాలె."

"ఆమె మాట్లాడది."

"నాతోటేం పంచాయితి? మిషిను సంగతే కద."

"మాట్లాడదంటున్న గద. నువ్వు డబ్బ సంగతి సూడు."

"సరే, సరే. కరెంటు పెడుతున్న. ఇగో చూడు, పక్కకు రెండు అంకెలు. మీదిది గరం, కిందిది దీని ఉరుకుడు. ఏం నడిపియ్యకముందే గరం డెబ్బై. చూడు, ఎనభై... ఎనభై ఎనిమిది... తొంభై అయిదు. ఇప్పుడు కింద చూడు."

"రెండు వేలుండె... ఓ, గిప్పుడు ఎనిమిది నూర్లకు వడ్డది!"

"పడ్డది కద. గదే దీని బీమారి."

"ఎందుకట్ల వడ్డది? సుస్తా?"

"సుస్తు కాదు. లోపల ప్రాసెసరని ఉంటది. దీని మెదడు అనుకో. మస్తు గరమైతె కాలిపోతది. గందుకని కాలకముందే తనంత తానే ఉరుకుడు తగ్గించుకుంటది. అప్పటికీ సల్లవడకుంటె బంద్ అయితది. పాణం కాపాడుకునే ఉపాయం."

"ఓహో. మా ఆయన పోశయ్య సక్కెర ఫ్యాక్టరీల బాయిలర్ కాడ ఉంటుండె. సెరుకు బండ్లు రెండు కోసులు నిలవడ్డ యేడు. పెద్ద సారొచ్చి, ఆవిరి సాలుతలేదు, పొయ్యి ఎగెయ్ పోశయ్యా అన్నడట. ఈయన బాయిలర్ మీటరు ముల్లు సూపిచ్చి, సార్, ఇంక ఎగేస్తె నువ్వూ ఉండవ్ నేనూ ఉండ అన్నడట. మంట తగ్గిచ్చిండు. గానుగలన్ని మెల్లగైనయ్. బండ్లోల్లు తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టిన్రు, పనిదొంగలని. ఆయన తిట్లు తిని నవ్వుకుంట ఇంటికొచ్చిండు."

"కరెక్ట్! బిలకుల్ గదే. నాకంటె మంచిగ చెప్పినవ్."

"అంటె, మెల్లగైంది బద్ధకం గాదంటవ్."

"మిషినికి బద్ధకం ఏడిదవ్వా?"

"మనిషికుంటదంటవా మరి?"

"ఏమన్నవ్?"

"ఏం లే. నువ్వు ఇప్పు."

"ఇప్పేముందు ఒక మాట. తడిసింది, ఏండ్ల నాటిది. ఇప్పినంక లెవ్వకపోవచ్చు గూడ. నీకు కావల్సింది ఏదుందో, దాన్ని ముందుగాల నా కంప్యూటర్లకు ఎక్కిస్త. ఆఁ, అసలు నా దాంట్ల ఇప్పుడే చూడొచ్చు. ఐదు నిమిషాల పని. ఆఖరిదాక నడుస్తది."

"వద్దు."

"ఎందుకు వద్దు? గందుకే కద వచ్చినవ్?"

"ప్రమీల దీంట్ల వెట్టింది. దీంట్లనే సూస్త."

"ఏ దాంట్ల చూసినా గదే బొమ్మ, గదే గొంతు."

"కాదన్న గద బిడ్డా."

"ఏడాది సంది పరేషాన్ అయితున్నవ్. దేవిదాస్ చెప్పలేదా, వేరే దాంట్ల చూడొచ్చని?"

"సెప్పిండు."

"చెప్పిండా? మరి?"

"పెన్ను డ్రైవో ఏదో తెచ్చిండు గూడ. చాయ్ తాపి పంపిచ్చిన."

"నువ్వు విచిత్రమున్నవవ్వా."

"ముసలిదాన్ని. విచిత్రం గాకుంటె ఏముంట?"

"నడిపియ్య, సరేనా? ఉత్తగ దాచిపెడ్త. ఖరాబైతె ఉండాలె కద."

"నడిపియ్యనని ఒట్టువెయ్యి."

"మా అవ్వ మీద ఒట్టు. ఇగో, ఎక్కింది. మొత్తం నాలుగు నిమిషాల ముప్పై సెకండ్లు."

"ఎర్కే. పక్కకు రాసుంటది."

"అంటె ఇంక అర నిమిషమే మిగిలింది. అర నిమిషం కోసం బోధన్ నుంచి ఇంత ఎండల వచ్చినవా?"

"అర నిమిషమంటె తక్వనా బిడ్డా? అర నిమిషంల ముగ్గురితోటి కయ్యం వెట్టుకోవచ్చు. 'పోనీ తియ్యవ్వా' అనాలంటె అర నిమిషం గూడ అవుసరం లేదు."

అడుగు మూత స్క్రూలు ఒక్కొక్కటే గిన్నెలో పడుతున్నాయి.

"అవ్వా, మీ ఇంట్ల బీడీలు చేస్తరు కద?"

"కట్టల లెక్క సెప్తిని గద."

"నువ్వు చెప్పకున్నా తెలుస్తది. అడుగు మూత తియ్యంగనే గుప్పుమన్నది. మా అవ్వ వెంకటవ్వ నలభై ఏండ్లు చేసింది. సదువుకున్నదంత ఆమె చాట ముంగట కూసునే. నా పుస్తకాలు ఇప్పటికీ గిదే వాసన."

"ఉన్నదా మీ అవ్వ?"

"ఉన్నది. దగ్గుకుంట ఉన్నది."

"ఉండనియ్యి. దగ్గనియ్యి. ఇంట్ల ఒక సప్పుడుండాలె."

"ఇగో, ఫ్యాన్ చూడు. రెక్కల నడుమ చూడు."

"ఏందది, దూదా?"

"దూది కాదు, తంబాకు దుమ్ము. ఏండ్లకేండ్లు పేరుకొని కంబళి లెక్కయింది. ఫ్యాన్ లోపలికి గాలి గుంజుతది. గాలెంబడి దుమ్ము పోతది. గరం బయటికి పోయే సందు పూర్తిగ మూసుకపోయింది. పిడికెడున్నది చూడు!"

"అయ్యో. అయ్యో నా తల్లీ."

"ఏడవెట్టి నడిపిచ్చేది?"

"సాట పక్కకే. ఒక సేతికి కత్తెర, ఒక సేతికి ఇది. బీడీలు జేసుకుంటనే టైపు నేర్సింది. ఊర్లె ఆడోల్ల పిఎఫ్ కాయితాలన్ని ఇదే నింపేది. ఫలానోళ్ల భార్య కాదు, ఫలానా ఈరవ్వ అని పేరు రాయాలె అనేది. పెనిమిటి ఇడిసిపెట్టినంక మారు మనువు అన్న. నాకు మనువెందుకవ్వా, నూటఇరవై మంది ఆడోల్ల కాయితాలు నా సేతుల ఉన్నయ్ అన్నది. నవ్వుకుంటనే అన్నది. శానా నవ్వేది."

"నవ్వేది అంటున్నవ్."

"డాక్టర్ గూడ గిట్లనే సూపిచ్చిండు."

"ఏం చూపిచ్చిండు?"

"దవాఖానల. నల్ల ఫిల్ము ఎలుతురుకు వట్టి. గిక్కడ సూడు, గిక్కడ సూడు అన్నడు. నాకేం సమజ్ గాలె. మబ్బు వట్టినట్టుండె. గిప్పుడు నీ సేతుల సూస్తె సమజైతాంది."

"ప్రమీలదా, ఫిల్ము?"

"గా దుమ్ము కింద పారబొయ్యకు."

"అవ్వా..."

"పారబొయ్యకు అంటున్న గద. కాయితంల పొట్లం గట్టి పక్కకు వెట్టు."

"ఇది ఏం చేసుకుంటవ్?"

"నా బిడ్డతోటి ఉన్నది గద ఇన్నేండ్లు. పెట్టు. ఆఁ, గట్ల."

"ఎప్పుడు పోయింది?"

"పోయిన యేడు. గివే దినాలు. ఊపిరితిత్తులు అన్నరు. ముప్పై ఎనిమిదేండ్లు."

"ముందుగాల చెప్పకపోయినవా. నేను ఫోన్ కలుపు, తోలుకరా అని..."

"సెప్తె స్క్రూ సందుల సందుల వడుతుండె. పని గానియ్యి."

"అయితాంది. ఇగో, ఈ తెల్లముద్ద చూడు, ఎండి సున్నం లెక్క రాల్తాంది. ప్రాసెసర్ కాకను ఫ్యాన్ దాక మోసుకపోయేది ఇదే. కొత్తది పూస్త. ఆవగింజంత చాలు."

"బిడ్డా, ఒకటడుగుత. డబ్బకు గరమెక్కింది, ఉరుకుడు తగ్గింది. నీకు అంకె కనవడ్డది, గందుకని సమజైంది. అంకె కనవడకుంటె నువ్వేమనుకుందువు?"

"ఏమనుకుంట... పాతదైంది, పనికిరాదు అనుకుంట."

"తన్నుదువా?"

"కోపమొస్తె ఒకటి చరుస్త. అందరం చరుస్తం."

"నేను గూడ."

"డబ్బనా?"

"డబ్బను గాదు."

"మరి ఎవరిని?"

"ప్రమీల దినానికి ఎయ్యి బీడీలు జేసేది, ఆరు నూర్లకు వడ్డది. ఆరు నూర్లు అయిదు నూర్లకు వడ్డది. నేను ముసలిదాన్ని ఎనిమిది నూర్లు జేస్తున్న. ఆకు కత్తిరించి, కత్తిరించి, ఆగేది. గోడకు ఆనుకునేది. మల్ల డబ్బ ముంగటేసుకునేది. నాకేమో కడుపుల మండేది. కార్ఖాన కాడ కట్టలు ఒప్పజెప్పె దినం, అందరి ముంగట అన్న."

"ఏమన్నవ్?"

"తిని కూసున్న గొడ్డుకన్న ఇంత సుస్తుండదే, నిన్ను కన్నందుకు నేను ఎయ్యి జెయ్యాల్నా అన్న. మూలకున్న చంద్రవ్వ నవ్వింది. అందరు నవ్విన్రు. ఎప్పుడు నవ్వేది ప్రమీల. ఆ దినం నవ్వలె. గోడ వట్టుకొని దమ్ము తీసుకున్నది. నఖరాలు అనుకున్న."

"నీకు తెల్వదు కదవ్వా."

"బాయిలర్ సంగతి తెలుసు. ఎద్దు సంగతి తెలుసు. మంచి ఎద్దు ఎండల నిలవడ్డదంటె కొట్టొద్దు, నీళ్లు తాపాలె అని మా బాపు సెప్పిండు, ఆరేండ్లదాన్ని గప్పుడు. అన్ని తెలుసు నాకు. బిడ్డ సంగతే తెల్వలె."

"నెల దినాలు ఎవరికీ చెప్పకుండ చేసిందా పని?"

"మూడు నెల్లు. ఆఖరికి కట్ట మీద రగతం వడ్డది. దారం ఎర్రది గద, రంగు దిగింది అన్నది. నేను నమ్మిన."

"మరి దీంట్ల... ఏం చెప్పింది?"

"నాలుగు నిమిషాలది అచ్చరం తప్పకుంట సెప్తా? ఇను. 'అవ్వా, నీకు సదువు రాదు. సిట్టి రాసి పెడ్తె ఊరందరి తోటి సదివిపిచ్చుకొని, వాళ్లు ఇడిసిపెట్టింది గూడ నువ్వే కలిపి సెప్పుకుంటవ్. గందుకే మాట్లాడి పెడ్తున్న. గిట్ల బొమ్మ మీద టక్కు టక్కు అను. గట్టిగ గుద్దకు, అది సాట గాదు.'"

"హహ."

"నవ్వు. నేను గూడ ఆడ నవ్వుత. మల్ల, రేషన్ కార్డు ఏడున్నదో సెప్తది. ఈరవ్వ కాయితం సంతకం బాకీ ఉన్నదని సెప్తది. మంచం కింద గుడ్డల మూట ఇప్పొద్దని సెప్తది, దాని నిండ నా పాత సీరెలే ఉన్నయ్, ఎందుకు దాసుకున్నదో. నడుమ దమ్ము తీసుకుంటది. దాని తర్వాత..."

"దాని తర్వాత?"

"'అవ్వా, గా దినం కార్ఖాన కాడ నువ్వన్న మాట' అంటది. గాడ బొమ్మ నిలవడ్తది. నోరు తెరిసినట్టే ఉంటది. టప్."

"ఏడాది సంది గాడనేనా?"

"గాడనే. మల్ల మొదటి నుంచి వెడ్త. రేషన్ కార్డు. ఈరవ్వ కాయితం. సీరెల మూట. 'నువ్వన్న మాట'. టప్. సల్లవడాలె గద అని తడి గోనె సుడ్త. పొద్దుగాల మల్ల వెడ్త."

"ఇవాళ ఇంటవవ్వా. నా మాట విను, ఇవాళ మొత్తం ఇంటవు. మూత బిగిస్తున్న. ఇగో కరెంటు."

"లేస్తదా?"

"లేచింది! చూడు, ఫ్యాన్ చప్పుడు చూడు, తుమ్మెద లెక్క. గరం నలభై ఎనిమిది. ఉరుకుడు రెండు వేలు. ఇంక ఎండల పెట్టినా వడది."

"అరే, సల్లగున్నది. జరం దిగిన ఒళ్లు లెక్క."

"రెండు గంటలకు కరెంటు పోతది, ఇంక పది నిమిషాలున్నది. నీ బ్యాటరీ పనిచెయ్యది. జల్ది పెట్టుకుందామా?"

"పోనీ తియ్యి. కరెంటు పోయి వచ్చినంక సూద్దాం."

"వచ్చేటాళ్లకు ఐదైతది."

"ఐదుకు నాకు బస్సున్నది. ఇంటికి తీస్కపోయి సూస్త."

"అవ్వా."

"ఏంది?"

"భయమైతాంది నీకు. నా కంప్యూటర్ల వద్దన్నవ్. దేవిదాసును చాయ్ తాపి పంపినవ్. ఇప్పుడు కరెంటు అంటున్నవ్."

"మంచి మాటైతె మోస్త బిడ్డా. సెడ్డ మాటైతె గూడ మోస్త, నేనన్నదానికంటె పెద్దదేం ఉండది. ఏదన్న ఒకటి సెయ్యిల వడాలె గద. కోపమొచ్చిందవ్వా అన్నదా, దినాం దాని పోటో కాళ్లు మొక్కుత. పోనీ తియ్యవ్వా అన్నదా, సుఖంగ పోత. రెంటికి తయారున్న."

"మరి పెట్టాల్నా?"

"పెట్టు. నువ్వు గూడ ఉండు. బయటికి పోకు."

"ఉన్న. మొదటి నుంచేనా?"

"మొదటి నుంచే. నడుమల దూకితె దానికి మర్యాద ఉండది."

తెర మీద ప్రమీల మాట్లాడింది. రేషన్ కార్డు అయింది, ఈరవ్వ సంతకం అయింది, చీరల మూట అయింది.

"మూడూ యాభై అయింది అవ్వా. గరం యాభై ఆరు."

"ఉష్. ఇను."

"'...అవ్వా, గా దినం కార్ఖాన కాడ నువ్వన్న మాట...'"

"ఆగింది! సూడు, గాడనే ఆగింది! నువ్వేం బాగుజెయ్యలె!"

"లేదవ్వా, ఆగలె. అంకె చూడు, నాలుగు మీద మూడు, నాలుగు, ఐదు. నడుస్తాంది."

"నోరు కదుల్తలేదు గద!"

"ఆమె ఎనకాల గోడ మీది క్యాలెండర్ చూడు. కాయితం గాలికి ఊగుతాంది. డబ్బ ఆగలె. ప్రమీల దమ్ము తీసుకుంటాంది."

"ఇంతసేపా?"

"ఇంతసేపే."

"నేను డబ్బనే అనుకున్న... గాడ ఆగినదంత డబ్బే అనుకున్న..."

"ఉష్, మాట్లాడుతాంది."

"'నువ్వన్న మాట... నేను...'"

"సెప్పు తల్లీ. సెప్పు."

"'ప్రమీలా! ఓ ప్రమీలా! ఇంకెంతసేపే గా డబ్బ ముంగట? ఆకు పెళుసువడవట్టె, కత్తెర నీ అయ్య వడ్తడా? లే!'"

"'...వస్తున్న అవ్వా.'"

"అవ్వా."

"ఇంక?"

"లేచిపోయింది. కుర్చీ ఒక్కటే ఉన్నది. నాలుగు ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది. అయిపోయింది."

"జరుపు. ముందుకు జరుపు."

"జరిపిన. లేదు."

"నీ కంప్యూటర్ల సూడు. దాంట్ల ఉండచ్చు."

"గదే కదవ్వా. ఏ దాంట్ల చూసినా గంతే."

"ఇంకో బొమ్మ ఉన్నదేమో, మల్లొచ్చి మాట్లాడిందేమో, వెతుకు."

"మొత్తం వెతికిన. పిఎఫ్ కాయితాలున్నయ్. ఇంకేం లేవు."

"లోపల్నుంచి పిలిసింది..."

"ఊఁ."

"గది నేనే."

"ఊఁ."

"నాకు యాదికి లేదు బిడ్డా. అలిగిపోయినోళ్ల పేర్లు యాదికున్నయ్, వాన వడ్డ సోమారం యాదికున్నది. గా పిలుపు యాదికే లేదు. దినానికి నూరుసార్లు పిలుస్తుంటి. ఏ పిలుపో ఏమో."

"నీళ్లు తాగవ్వా. ఇగో."

"అర నిమిషముండె. ఏడాది సంది నా కొంగుల అర నిమిషముండె."

"ఇంటికి దింపి వస్త, దుకాణం బంద్ చేస్త. ఒక్కదానివి పోకు."

"గా పొట్లం ఏది?"

"ఏ పొట్లం?"

"దుమ్ముది. పారబోసినవా?"

"లేదు, ఇగో. నువ్వే కద దాచుమన్నవ్."

"మంచి పనైంది. అడుగు మూత ఇప్పు బిడ్డా. మల్ల అండ్లనే పొయ్యి, నాలుగు కాడనే ఆగనియ్యి."